మూడో నంబరు చీటీ

ఆమె చేతిరాత గుండ్రంగా ఉండేది. ఇన్నేళ్లకు ఆమె ముఖం కూడా సరిగా గుర్తు రావడం లేదు గాని, ఆ చేతిరాత మాత్రం కళ్ల ముందే ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. స్విచ్చుల పక్కన అతికించే చీటీలకు అంత అందం దేనికి చెప్పండి? "ఏసీ", "ప్రింటరు", "లోపలి లైటు" అని రాయడానికి ఆమె స్కేలుతో గీత గీసి, గీత మీద అక్షరాలను కూర్చోబెట్టేది. కౌంటరు దగ్గర నిలబడ్డవాళ్లు వాటిని చూసి మస్తుగుంది, ఎవరు రాసిండ్రు అని అడిగేవాళ్లు. నేను రాసిన చీటీలు అప్పటికే నాలుగేళ్లుగా అదే గోడ మీద ఉన్నాయి. వాటి గురించి ఒక్కరు ఒక్క మాట అన్న పాపాన పోలేదు.

విమానాశ్రయం తెరిచిన ఏడాదే నేను శంషాబాద్‌లో ఒక ఫోటో స్టూడియోలో చేరాను. మాది జల్‌పల్లి దాటాక వచ్చే చిన్న ఊరు, వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఇంటర్‌తో నా చదువు ఆగిపోయింది. మొదట్లో ఫోటోలు కత్తిరించి కవర్లలో పెట్టేదాన్ని. కంప్యూటరు ఖాళీ అయినప్పుడల్లా దాని ముందు కూర్చుని, వచ్చిన ప్రతివాణ్నీ అడిగి, విసిగించి, తిట్లు తిని ఆల్బమ్ పని నేర్చుకున్నాను. విమానాశ్రయం పుణ్యమా అని బెంగుళూరు రోడ్డు పొడుగునా ఫంక్షన్ హాళ్లు లేచాయి. ముహూర్తాల రోజుల్లో మాకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. కొన్నాళ్లకు ఏ పెళ్లి ఫోటోలు ఏ డిస్కులో ఉన్నాయో నాకు తప్ప ఇంకొకరికి తెలియని పరిస్థితి వచ్చింది. ఎవరొచ్చి ఏం అడిగినా మా ఓనరన్న, "ఆ పిల్లనడుగుండ్రి" అనేవాడు. పొద్దున్నే బస్సులో ఒంటికాలి మీద నిలబడి వచ్చేది ఆ మాట కోసమే అని అప్పుడు నాకు తెలియదు.

నాలుగో ఎండాకాలంలో ఆమె వచ్చింది. భర్తకు విమానాశ్రయం కార్గోలో ఉద్యోగమైతే గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ కిరాయికి దిగారు. కంప్యూటర్లు చదువుకుంది. వారం తిరక్కుండానే అందరికీ మేడం అయిపోయింది. ఓనరన్న కూడా మేడం అనేవాడు. నేను మాత్రం పిల్లనే. నా మీద గయ్యిమని లేచే కస్టమర్లు ఆమె "ఒక్క నిమిషం అండీ" అనగానే చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. రెండేళ్లుగా నేను అడుగుతున్న తిరిగే కుర్చీ వచ్చింది. ఆమె కంప్యూటరు ముందు వేశారు. ఆమె చెడ్డది అయినా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక దారి ఉండేది. ఆమె నన్ను మీరు అనేది. మధ్యాహ్నం డబ్బా విప్పి ముందు నాకు వడ్డించేది. ఆమె తెచ్చే ఆవకాయ నిజంగా బాగుండేది, అదొక బాధ. రెండోసారి అడగాలంటే ప్రాణం పోయేది.

ఆమె వచ్చిన నెలకు నా కొంప మునిగింది. అప్పటిదాకా ఫోటోలన్నీ విడివిడి హార్డ్ డిస్కుల్లో, ఇనప బీరువాలో, నా గుర్తులతో ఉండేవి. ఒక డిస్కు పోతే ఆ పెళ్లిళ్లన్నీ పోయినట్టేనని ఆమె ఓనరన్నకు నచ్చజెప్పి, నాలుగు డిస్కులు పట్టే పెట్టె ఒకటి కొనిపించింది. నాలుగూ కలిసి ఒకటే డిస్కులాగా పనిచేస్తాయి. వాటిలో ఏ ఒక్కటి చెడినా, అందులో ఏముండేదో మిగిలిన మూడూ కలిసి చెప్పేస్తాయి. రెండు చెడితే మాత్రం ఇక దేవుడే దిక్కు. నా బీరువాలోని ఫోటోలన్నీ ఆ పెట్టెలోకి ఎక్కించింది. ఇప్పుడు ఎవరి కంప్యూటరులో వాళ్లు పేరు కొట్టి పెళ్లి తెరుచుకోవచ్చు. ఆ పిల్లనడుగుండ్రి అనే మాట ఆ రోజుతో బంద్. ఖాళీ బీరువాలో ఓనరన్న పూలదండలు, ఫ్లాష్ గొడుగులు పెట్టించాడు.

నాలుగు డిస్కులకూ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని తన గుండ్రటి అక్షరాలతో చీటీలు అతికించింది. చవక పెట్టె కాబట్టి, ఏ డిస్కు చెడిందో చూపించే దీపాలు దానికి విడివిడిగా లేవు. చెడితే పెట్టె నంబరు చెబుతుంది, మనం చీటీ చూసి తీయాలి, అంతే. పెట్టె మీద ఇంకో కాగితం కూడా అంటించింది, దయచేసి తాకవద్దు అని. ఆ కాగితం నా కోసమే రాసిందని నేను ఖాయం చేసుకున్నాను.

దసరాకు ఆమె ఊరికి వెళ్లింది. మా స్టూడియోలో ఆయుధపూజ నా చేతి మీదే జరిగేది. ముందు రోజు మెషీన్లన్నీ బంద్ చేసి, కెమెరాలు, లైట్లు, కంప్యూటర్లు అన్నీ తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, ముందు నిమ్మకాయలు కోసేదాన్ని. ఏ వస్తువునూ వదిలేవాళ్లం కాదు. స్టాండు కాలికి కూడా బొట్టు పెట్టాల్సిందే. మరి అన్నిటికన్నా ఖరీదైన పెట్టెకు పెట్టకపోతే ఎట్లా? నాకు ఆ కాగితం అడ్డమొచ్చింది గాని, పూజకు అడ్డమేమిటని కరెంటు తీయించి, నాలుగు డిస్కులనూ అరల్లోంచి లాగి పేపరు మీద వరసగా పరిచాను. బాగా దుమ్ము పట్టి ఉన్నాయి. తడిగుడ్డ పిండి ఒక్కోదాన్ని తుడిచాను. కొంచెం గట్టిగానే తుడిచాను. చీటీలు నాని, నాలుగూ ఊడి గుడ్డకు అంటుకుని వచ్చాయి.

తుడిచినవాటిని ఎక్కడపడితే అక్కడ పెట్టేశానేమో, చూసేసరికి ఏ చీటీ ఏ డిస్కుదో తెలియలేదు. చీటీలను ఆరబెట్టి, గమ్ము రాసి, తోచినట్టు అతికించి, నాలుగింటికీ బొట్లు పెట్టి, అరల్లో దూర్చాను. మర్నాడు పూజ అయ్యాక కరెంటు ఇస్తే పెట్టె బ్రహ్మాండంగా పనిచేసింది. లోపల ప్రతి డిస్కుకూ దాని సొంత గుర్తు ఉంటుందట. ఏ అరలో పెట్టినా దాని నంబరు దానికే ఉంటుంది, పెట్టెకు ఫరక్ పడదు. చీటీ కావాల్సింది మనిషికే. ఆమె ఊరి నుంచి వచ్చి, బొట్లు చూసి నవ్వి, "పూజ బాగా చేశారండీ" అంది. అప్పుడు చెప్పేస్తే అయిపోయేది. తాకవద్దన్న దాన్ని తాకానని ఆమె ముందు ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు.

మళ్లీ ముహూర్తాలు మొదలైన రోజుల్లో, ఒక సోమవారం పొద్దున, కొత్వాల్‌గూడ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. అంతకుముందు ఏడాది ఆమె పెళ్లి ఫోటోలు మేమే తీశాం. జుట్టు చెదిరి ఉంది, కళ్లు వాచి ఉన్నాయి. నన్ను చూడగానే, "అక్కా, మా బాపు పోయిండు" అంది. నాలుగు రోజులైంది. దినాలకు ఫోటో కట్టించాలి. ఆల్బమ్ నిండా ఆయన ఉన్నాడు గాని, కొత్త ధోవతిలో బిగుసుకుపోయి, ఎవరో బెదిరించి నిలబెట్టినట్టు ఉన్నాడు. ఓటరు కార్డులో అయితే చూడనే లేము.

"నవ్విన ఫోటో ఒకటుండె అక్కా," అంది. "నేనే వద్దన్న."

నాకు వెంటనే గుర్తొచ్చింది. ఆల్బమ్‌కు ఫోటోలు ఏరే రోజు ఆ పిల్ల నా పక్కనే కూర్చుంది. ఫంక్షన్ హాలు వెనక, వంటల దగ్గర, వాళ్ల బాపు బనీను మీద నిలబడి, చేతిలో గరిటెతో, ఎవరో ఏదో అంటే తల వెనక్కి వాల్చి నవ్వుతున్నాడు. మా కెమెరా అతను దారిన పోతూ తీసిన ఫోటో. అది చూసి పిల్ల సిగ్గుపడింది. అత్తగారింట్లో చూస్తారు, బాపు బనీను మీద ఉన్నాడు, వద్దక్కా అంది. నేనూ అవునని పక్కన పెట్టేశాను. ఇప్పుడు వాళ్లమ్మ మూలకు కూర్చుని అదే అడుగుతోందట. మనిషి బతికినన్నాళ్లు ఎట్లా ఉన్నాడో అట్లా ఉన్న ఫోటో అదొక్కటేనట. ఆ పిల్ల నా చెయ్యి వదలడం లేదు. వద్దన్న పాపం అట్లాగైనా కడుక్కోవాలని ఉంది ఆ పిల్లకు, నాకు ముఖం చూస్తేనే అర్థమైంది.

ఉంటుంది, ఎక్కడికి పోతుంది అని నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. పెళ్లి పేరు కొట్టగానే లోపలి గదిలో పెట్టె కీచుకీచుమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. ఫోల్డరు తెరుచుకోలేదు. తెర అట్లాగే బిగుసుకుపోయింది. మేడం వచ్చి చూసింది. మూడో నంబరు డిస్కు చెడుతోందని పెట్టె చెబుతోంది. పూర్తిగా చావలేదు, ప్రతి ముక్కనూ చదవలేక పదిసార్లు తడుముకుంటూ మిగిలిన మూడింటినీ ఆపుతోంది. దాన్ని తీసేస్తే మిగిలినవి చకచకా పనిచేస్తాయి, ముందుచూపుతో కొనిపెట్టిన ఐదో డిస్కును దాని స్థానంలో పెట్టేద్దాం అంది. ఓనరన్న ఆ పిల్ల వైపు తిరిగి, "మేడం ఉండంగ నీకేం ఫికర్ చెల్లె. ఇగ నీ ఫోటో వచ్చినట్టే" అన్నాడు. ఆ పిల్ల నా చెయ్యి వదిలి ఆమె వెనకాల లోపలికి నడిచింది.

నా చెయ్యి వదిలేయడం ఒక్కటే నాకు గుర్తు. నాలుగేళ్లు నేను మోసిన ఫోటోలు, నేను పక్కన పెట్టిన ఫోటో, నా కస్టమరు. ఆమె పెట్టె ముందు వంగి మూడో నంబరు చీటీ ఉన్న డిస్కు మీద చెయ్యి వేసింది. ఆ చీటీ నేను తోచినట్టు అతికించిందని లోకంలో నాకొక్కదానికే తెలుసు. "ఆగు మేడం" అంటే రెండు మాటలు. అననివ్వలేదు నా కుళ్లు. ఒక్కసారి తప్పు చెయ్యనీ, అందరి ముందూ ఒక్కసారి బోల్తా పడనీ అనుకున్నాను. పైగా, ఏమో, ఆ చీటీ సరిగానే పడి ఉండొచ్చు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆమె డిస్కు లాగేసింది, కొత్తది పెట్టింది. పెట్టె మొత్తుకోవడం ఆపి, కొత్త డిస్కును నింపడం మొదలుపెట్టింది. ఒక రోజు పడుతుంది, రేపు రండి, తప్పకుండా ఇస్తానని ఆ పిల్లకు చెప్పి, బస్టాండు దాకా వెళ్లి ఆటో ఎక్కించి వచ్చింది.

ఆమె అటు వెళ్లగానే నేను లోపలి గదిలోకి వెళ్లాను. పెట్టెకు చెవి ఆనించాను. టిక్కు, టిక్కుమని లోపల ఏదో కొట్టుకుంటూనే ఉంది. చెడ్డది లోపలే ఉంది. బల్ల మీద పెట్టిన డిస్కు మంచిది.

అప్పుడైనా చెప్పాలా వద్దా? ఓనరన్న ఏదో పని మీద పట్నం వెళ్తున్నాడు. డిస్కుకు గ్యారంటీ ఉంది, కంపెనీ సర్వీసు వాళ్లకు ఇస్తే పాతది తీసుకుని వేరేది ఇస్తారు, దారిలోనే కదా అని దాన్ని సంచిలో వేసుకున్నాడు. నా కళ్ల ముందే వేసుకున్నాడు. నేను తలుపు పక్కకు జరిగి దారి ఇచ్చాను. ఆపితే ఎందుకు ఆపుతున్నావని అడుగుతాడు, దసరా సంగతి చెప్పాలి, మేడం సరిగానే చేసింది, పిల్లే పాడు చేసిందని తేలుతుంది. ఆ ఒక్క మాట పడడం ఇష్టం లేక ఊరుకున్నాను. సాయంత్రానికి ఆయన వేరే డిస్కు తెచ్చాడు. మనదాన్ని వాళ్లు కంపెనీకి పంపే పాత డిస్కుల్లో కలిపేసుకున్నారట.

మర్నాడు మధ్యాహ్నం పెట్టె ఆగిపోయింది. కొత్త డిస్కును నింపడానికి మిగిలిన మూడూ ఆగకుండా పనిచేయాలి. ఆ మూడింటిలో చెడ్డది ఒకటి, పాపం ఒక పగలూ రాత్రీ పరిగెత్తి కూలబడింది. కొత్తది సగం కూడా నిండలేదు. కంప్యూటర్లలో ఒక్క పెళ్లీ తెరుచుకోవడం లేదు. మేడం ఒక్కో డిస్కునూ బయటికి తీసి, కంపెనీ వాళ్లు ముద్రించిన పొడవాటి నంబర్లను తన డైరీలో ఉన్న వాటితో పోల్చి చూసింది. ఆమె ముఖం తెల్లబోయింది. తీసేసింది మంచి డిస్కునని తెలిసిపోయింది. వెంటనే సర్వీసు వాళ్లకు ఫోన్ చేసింది. అది అప్పటికే లారీ ఎక్కిందని, ఎక్కడికి పోతుందో తెలియదని చెప్పారు.

నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "చీటీలు ఎవరైనా మార్చారా అండీ?"

"నాకు తెల్వదు మేడం," అన్నాను.

ఆమె, బహుశా అతికించినప్పుడే నేను పొరపాటు చేసి ఉంటాను అని తనలో తను అనుకుంటున్నట్టు అంది. వెళ్లి ఓనరన్నకు అదే చెప్పింది. ఆయన కౌంటరు దగ్గర, నలుగురు కస్టమర్ల ముందు, ఇంత చదువుకొని ఒక నంబరు చూసి పీకడం రాదా అని ఎడాపెడా వాయించాడు. ఆమె తల దించుకుని నిలబడింది. నేను నా కుర్చీలో వెనక్కి వాలి వింటున్నాను. అబద్ధం ఎందుకు, చెవులకు ఎంత హాయిగా ఉందో. ఆ రోజు సాయంత్రం బస్సులో సీటు దొరక్కపోయినా నాకు బాధ అనిపించలేదు.

ఆ పిల్లకు ఫోన్ చేసి చెప్పింది మేడమే. దినాలకు ఇంకా ఆరు రోజులు ఉందండీ, నా ప్రయత్నం నేను చేస్తాను అంది. చెడ్డ డిస్కు పూర్తిగా చావలేదు కాబట్టి, దాన్ని ఎట్లాగో చదివించి నకలు తీస్తే, ఆ నకలూ మిగిలిన రెండు మంచి డిస్కులూ కలిసి పెట్టెను మళ్లీ నిలబెడతాయి. దాన్ని వేరే కంప్యూటరుకు కలిపి, ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేరు పెట్టింది. అది తేలిగ్గా వచ్చేవాటిని ముందు చదువుకుంటూ పోతుంది, మొరాయించిన చోట ఆగకుండా దాటేస్తుంది. తరవాత వెనక్కి వచ్చి ఆ చోట్లను ఒక్కొక్కటిగా బతిమాలుతుంది. డిస్కు వేడెక్కితే ఆపాలి. చల్లారాక మళ్లీ మొదలుపెట్టాలి. ఆమె టేబుల్ ఫ్యాను దాని మీదికి తిప్పి, తను చెమటలో కూర్చుంది.

రెండో రోజు ఓనరన్నకు ఓపిక చచ్చి, కవరులో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే డిస్కులు లేస్తాయంట అన్నాడు. రాజేంద్రనగర్‌లో ఎవరో పెట్టారట. నేనూ పెడితే ఏమైతది అన్నాను, ఆమె మాట నెగ్గకూడదని. ఆమె లోపల చెమ్మ పడితే మొత్తానికే పోతుందండీ అంటూ డిస్కు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది, కోడిపిల్లను కాకి నుంచి దాచినట్టు. నాలుగు రోజులు ఆమె ఆ గది వదల్లేదు. డబ్బా విప్పేది కాదు. పైన విమానం వెళ్లినప్పుడల్లా అద్దాలు అదిరితే, డిస్కుకు దెబ్బ తగులుతుందని కింద నాలుగు మడతల దుప్పటి పరిచింది. నాకు ఆ ఓపిక మీద కూడా కుళ్లు పుట్టింది. నేనైతే రెండో రోజే బల్ల తన్నేసి లేచిపోయేదాన్ని. ఒకరి నవ్వు కోసం అంత సేపు కూర్చోవడం నాకు చేతకాదని నాకు తెలుసు, అది ఇంకా మండింది.

ఐదో రోజు పొద్దున పెట్టె లేచింది. పెళ్లిళ్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఓనరన్న పెట్టెను తాకి కళ్లకద్దుకున్నాడు. అక్కడక్కడా కొన్ని ఫోటోలు మాత్రం దెబ్బతిన్నాయి. డిస్కు ఎంతకూ చదవనివ్వని చోట్లవి. నేను కొత్వాల్‌గూడ పెళ్లి తెరిచి, వంటల దగ్గరి ఫోటో కోసం కిందికి దిగాను. దొరికింది. పైసగం ఉంది. తల, నుదురు, నవ్వుతూ ముడుచుకున్న కళ్లు, ముక్కు. అక్కడి నుంచి కిందంతా బూడిద రంగు. నోరు లేదు, గరిటె లేదు, బనీను లేదు. మేడం ఆ ఒక్క ఫోటో కోసం ఇంకో మూడు గంటలు డిస్కును చదివించింది. చివరికి డిస్కు తిరగడమే మానేసింది. ఆమె అప్పుడు ఏడ్చింది, మా అందరి ముందూ.

ఓనరన్న నా వైపు తిరిగాడు. కింది సగం నువ్వే తయారు చెయ్యాలి పిల్లా, నీకంటే ఎవరికొస్తది అన్నాడు. ఎన్నాళ్లయింది ఆ మాట విని. నేను చంకలు గుద్దుకుంటూ కూర్చున్నాను. ఆల్బమ్‌లో ఆయన నోరు విప్పిన ఫోటో ఒక్కటీ లేదు. ఆయన తమ్ముడు మాత్రం బంతి భోజనాల దగ్గర పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. అన్నదమ్ముల ముఖాలు ఒకటే అచ్చు. ఆ నోరు తీసి, వెలుతురు సరిచేసి, మీసంలో తెలుపు పెంచి, గడ్డం కింద ముడతలు వేసి, బనీను బదులు తెల్ల చొక్కా తొడిగాను. మర్నాడు పొద్దున దాకా పట్టింది. నా జీవితంలో అంత బాగా ఇంకే పనీ చేయలేదు. మేడం వచ్చి తెరకు దగ్గరగా వంగి చూసి, అతుకు ఎక్కడుందో నాకు కనిపించడం లేదండీ, మీ చేతిలో ఏదో ఉంది అంది. మనస్ఫూర్తిగానే అంది. నేను తెర మీంచి తల తిప్పకుండా ప్రింటు కొట్టాను.

దినాలకు ముందు రోజు మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చింది. ఫ్రేము కట్టించి, తుడిచి, కౌంటరు మీద నిలబెట్టి ఉంచాను. పిల్ల దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది. నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. ఫ్రేమును కిటికీ వైపు తిప్పి మళ్లీ చూసింది.

"కండ్లు బాపుయే," అంది. "నవ్వు మా కాకది."

పిల్ల ఫ్రేమును మెల్లగా కింద పెట్టింది. దీనికి దండ ఎట్ల వెయ్యాలె, కాక ఇంట్లనే తిరుగుతుంటడు, అమ్మ చూస్తే ఏమైతది అని తనలో తను అనుకుంటున్నట్టు అంది. తరవాత ఓనరన్నను అడిగింది, అసలు ఎట్ల పోయింది అన్నా అని. ఆయన చేత్తో మేడంను చూపించాడు, ఈమెనే పొరపాటు చేసింది అన్నట్టు. ఆమె తల వంచి, "నాదే తప్పండీ, మంచి డిస్కు తీసేశాను, క్షమించండి" అంది.

నేను ఎందుకు నోరు తెరిచానో నాకే తెలియదు. ధైర్యం అని మాత్రం అనను. ఆమె అంత సుళువుగా నా తప్పును నెత్తిన పెట్టుకోవడం చూడలేకపోయాను. అందులో కూడా ఆమెదే పైచెయ్యి అయిపోతోంది.

"ఆమెది కాదు," అన్నాను. దసరా, తడిగుడ్డ, చీటీలు, అన్నీ చెప్పాను. తీస్తున్నప్పుడు పక్కనే ఉన్నానని చెప్పాను. టిక్కుటిక్కుమన్నది విన్నానని, అన్న డిస్కును సంచిలో వేసుకుంటుంటే దారి ఇచ్చానని కూడా చెప్పాను. ఓనరన్న నోరు వెళ్లబెట్టాడు. ఆ పిల్ల మాత్రం నా ముఖమే చూస్తోంది.

"మరి అప్పుడెందుకు చెప్పలె అక్కా?"

"చెప్తె ఆమెకు పేరొస్తదని చెప్పలె."

పిల్ల నన్ను తిట్టలేదు. తిడితే తేలికపడేదాన్ని. కళ్లు తుడుచుకుని, నా పక్క నుంచి దాటుకుని మేడం దగ్గరికి వెళ్లింది. "మీ తాన సగం ఫోటో ఉన్నదంట గద మేడం. ఉన్నంతే ఇయ్యుండ్రి. మా బాపుది కానిది నాకొద్దు," అంది.

మేడం నా కంప్యూటరులోంచే ఆ సగం ఫోటో తెరిచి, బూడిద రంగు మొదలయ్యే చోట కత్తిరించింది. నుదురు, కళ్లు, ముక్కు. అడ్డంగా, పొట్టిగా ఒక ముక్క. ప్రింటు తీసి, నేను కట్టిన ఫ్రేము విప్పి, నా ఫోటో తీసేసి, దాన్ని తెల్ల అట్ట మీద అమర్చి ఇచ్చింది. పిల్ల ఆ కళ్లను చూసి ఒక్కసారిగా ఏడ్చింది. ఏడుస్తూ మేడం భుజం మీద తల పెట్టుకుంది. ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది.

చెప్తే నమ్మరు. నా తప్పు నా నోటితో ఒప్పుకుని రెండు నిమిషాలు కాలేదు. సిగ్గు రావాలి కదా, అది ఇంటికి పోయాక వచ్చింది, ఇప్పటికీ వస్తుంది. అప్పుడు అక్కడ నిలబడి, ఆ ఇద్దర్నీ చూస్తూ, ఆ తల నా భుజం మీద ఉండాల్సింది అనుకున్నాను.